నొక్కితే ఊడని బెల్టు

చవక విమానాలు వచ్చిన కొత్తలో మా తెనాలిలో కూడా ఎయిర్‌హోస్టెస్ కోర్సు ఒకటి వెలిసింది. చెప్పుల షాపు పైన రెండు గదులు, గోడ మీద విమానం బొమ్మ, పాఠం చెప్పడానికి నేను. అప్పటికి నేను విమానం ఎక్కలేదు. ఇంగ్లీషు గడగడా మాట్లాడతానని ఉద్యోగం ఇచ్చారు. పిల్లలు "మేడమ్, మీరు ఎన్నిసార్లు ఎక్కారండి?" అని అడిగితే, "లెక్కపెట్టుకోలేదమ్మా" అనేదాన్ని. అందులో అబద్ధం ఎక్కడుందో మీరే చెప్పండి.

సీటు బెల్టు పాఠం నా ప్రత్యేకత. మెకానిక్ దగ్గర పాత కారు బెల్టు ఒకటి సంపాదించాను. ఎర్ర బటన్ నొక్కితే టక్కున ఊడేది. చిరునవ్వుతో, బొటనవేలితో, గోరు కనిపించేలా నొక్కాలని నేర్పాను. గోరు సంగతి నా సొంత కల్పన.

బాపట్ల నుంచి రోజూ రైల్లో వచ్చే అమ్మాయి ఒకతి ఉండేది. చర్చిలో గొంతెత్తి పాడుతుంది గానీ, కొత్తవాళ్ళ ముందు మాట్లాడమంటే నోరు పెగలదు. సోమవారం హైదరాబాదులో ఇంటర్వ్యూ. "ఇది పోతే బి.ఎడ్.లో చేర్పిస్తానన్నారు మేడమ్, మా నాన్న" అని బెంగపెట్టుకుంది. టీచరు కావడమంటే పిల్లలకు అంత భయమని నాకు అప్పుడే తెలిసింది.

భయం పోగొడదామని శనివారం మధ్యాహ్నం ఆమెనూ ఇంకో నలుగురినీ రేపల్లె ప్యాసింజర్ ఎక్కించాను. వేమూరు దాటాక బాపట్ల అమ్మాయి మా కారు బెల్టు పట్టుకుని పెట్టె మధ్యలో నిలబడి, అది ఎలా పెట్టుకోవాలో చెప్పడం మొదలుపెట్టింది. జనం వేరుశనక్కాయలు ఒలవడం ఆపి చూశారు. "ఈ బండిక్కూడా బెల్టులు పెడతన్నారా ఏంటి?" అంది గంపతో కూర్చున్న ఒకావిడ. మా పిల్ల వణక్కుండా నవ్వి, గోరు కనిపించేలా బటన్ నొక్కింది. నేను పొంగిపోయాను.

కిటికీ పక్కన తెల్లగడ్డం పెద్దాయన ఒకాయన ఉన్నాడు. రేపల్లెలో దర్జీ. "అట్టా కాదు తల్లీ" అన్నాడు. "పోయినేడాది హజ్‌కి పొయ్యొచ్చా. విమానంలో బెల్టుకి బటనుండదు. పైన రేకుంటది, అది ఎత్తాల. నేనూ నీలాగే నొక్కీ నొక్కీ బొటనేలు వాచింది. అవతల నాకేమో అర్జంటు! చివరికి అక్కడి అమ్మాయే వచ్చి ఊడదీసింది."

పెట్టెంతా నవ్వింది. "కొన్నిటికి బటనే ఉంటుందండి" అన్నాను, కాస్త గట్టిగానే. "అయ్యుండొచ్చమ్మా, మీరు చదువుకున్నోళ్ళు" అని ఆయన మర్యాదగా బయటికి చూశాడు.

అమ్మాయి మాత్రం నాకేసి చూసింది. నా మాటే నమ్మింది. అదే నా ప్రాణానికొచ్చింది. ఎల్లుండి అక్కడ ఆమె లేని బటన్ కోసం తడుముకుంటుంటే? భట్టిప్రోలు దాకా బిగదీసుకుని కూర్చున్నాను. బండి ఆగగానే, "ఆయన చెప్పిందే నిజం. నేను ఒక్కసారి కూడా విమానం ఎక్కలేదు" అనేశాను. సిగ్గుతో చచ్చిపోయాను.

ఏడుస్తుందేమో అనుకున్నాను. ఆమె సంచీలోంచి నోట్సు తీసి, "ఇంకా ఏమేం తప్పు చెప్పారో ఇప్పుడే చెప్పెయ్యండి మేడమ్, టైం లేదు" అంది. పెద్దాయన పక్కన కూర్చుని పేజీ పేజీ చదివింది. ఆయన "ఇదుంది", "ఇది నేను చూళ్ళేదు" అంటుంటే నేను పెన్నుతో కొట్టేస్తూ పోయాను. గోరు కూడా పోయింది. రేపల్లె వచ్చేసినా నాలుగు పేజీలు మిగిలాయి. ఆయన ఇంటికి వెళ్ళకుండా, ప్లాట్‌ఫాం బెంచీ మీద కూర్చుని అవీ పూర్తి చేయించాడు.

మంగళవారం ఫోన్ చేసింది. ఉద్యోగం వచ్చింది.

"బెల్టు అడిగారా?" అన్నాను ఆత్రంగా.

"అడిగారండి. రేకు ఎలా ఎత్తాలో చూపించా. ఇంత బాగా ఎవరు నేర్పారని కూడా అడిగారు."

నేను కొంగు సర్దుకుని నిటారుగా కూర్చున్నాను. "ఏం చెప్పావు?"

"రేపల్లె దర్జీ గారని చెప్పానండి."

ఒళ్ళు మండింది. మూడు నెలలు గొంతు చించుకున్నది నేను!

"ఇంటర్వ్యూలో అబద్ధం ఆడొద్దని మీరే చెప్పారు కదండీ?" అంది ఆ పిల్ల.

చెప్పాను, నిజమే. నోట్సులో మేం కొట్టెయ్యని మాటల్లో అదొకటి.