ఇరుసుకు కట్టిన నల్లతాడు

మీ కారులో హెచ్చరిక లైటు వెలిగితే ముందు మెకానిక్ దగ్గరకు వెళ్తారా, నిమ్మకాయల బండి దగ్గరకా?

మా బావ నిమ్మకాయలే కొన్నాడు. పోయిన వానాకాలం నాచారంలో అక్కాబావలు ఒక పాత కారు తీసుకున్నారు. దిష్టి తగలకుండా అక్క ముందు చక్రాల వెనక, ఇరుసుకు నల్లతాళ్లు కట్టింది. వారానికే ఏబీఎస్ లైటు వెలిగింది. గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకోకుండా చూసేది ఏబీఎస్. షెడ్డుకు తీసుకెళ్దామన్నాను.

"బ్రేకులు మంచిగనే పడుతున్నయ్ గద బామ్మర్దీ! ఎవరి కన్నో పడ్డది, గంతే" అని బావ చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాడు. లైటు ఆరలేదు.

మరునాడు మేనకోడలిని పరీక్షకు దింపడానికి బయలుదేరాం. ఉప్పల్‌లో వాన. ముందున్న బస్సు ఠక్కున ఆగింది. బావ బ్రేకు తొక్కాడు. చక్రాలు బిగుసుకుపోయి కారు జారుతూనే పోయింది. "నాన్నా!" అని వెనక నుంచి పిల్ల అరిచింది. బస్సుకు జానెడు దూరంలో ఆగాం.

పిల్లను దింపి, మెల్లగా షెడ్డుకు చేరాం. మెకానిక్ స్కానర్ పెట్టి, ముందు ఎడమ చక్రం సెన్సర్ పనిచేయడం లేదన్నాడు. చక్రం విప్పితే, వదులైన నల్లతాడు ఇరుసుతోపాటు తిరుగుతూ సెన్సర్ వైరును తెంపేసి ఉంది. కొత్త సెన్సర్ వేయగానే లైటు ఆరింది.

సంగతి విని అక్క లేచింది. కత్తెర తెచ్చి రెండో చక్రం దగ్గర కూర్చుంది. "ఇగ లైటు వస్తే షెడ్డుకే పోవాలె, సమజైందా?" అంది బావతో.

మూఢనమ్మకాల మీద ఎన్నో సభల్లో మాట్లాడాను. ఆ కత్తెర చప్పుడు ఇచ్చిన ధైర్యం ఏ చప్పట్లూ ఇవ్వలేదు.

చదివింది చాలు. లేచి మీ బండి చక్రాల వెనక చూడండి. తాడుంటే ఇప్పుడే తెంపండి.