నా ఫోనులో నిండు సిగ్నల్, గానుగలో పరాయి చెరకు

ఫోను నెత్తి మీద నాలుగు గీతలు నిండుగా కనపడాలన్న సరదాతో, రెండు ట్రాక్టర్ల చెరకుని పాడు చేసి, గానుగ నాయుడితో తగువేసుకుని, అత్త ముందు తల దించుకున్న ఇల్లాలు మన జిల్లాలో ఒకత్తే ఉంది. ఆవిడే ఇప్పుడు మీతో మాట్లాడుతోంది. నవ్వుకోండి, నేనేమీ అనుకోను. అనుకున్నా మీకు వినపడదు.

ఇది నాలుగేళ్ళ కిందటి మాట. మాది చోడవరం శివారు. పెరటి తలుపు తీస్తే మా చెరకు తోటే. అప్పటికి పదకొండేళ్ళుగా ఆ ఇంటికి నేను ఒక్కగానొక్క కోడల్ని. ఉప్పెక్కడుందో నన్నే అడగాలి, పాలవాడు లెక్క నాకే చెప్పాలి, పిల్లి కూడా నా అనుమతితోనే లోపలికి రావాలి. అలాంటి నా రాజ్యంలోకి మా మరిది శిరీషని పెళ్ళి చేసుకుని తీసుకొచ్చాడు. అనకాపల్లి పిల్ల, డిగ్రీ చదివింది, నెమ్మదస్తురాలు. వచ్చిన రోజు నుంచీ నన్ను అక్కా అని తప్ప పిలవలేదు. ఇన్ని మంచి గుణాలున్న మనిషిని ఎలా క్షమిస్తాం, మీరే చెప్పండి.

అసలు మంట దాని ఫోను దగ్గర అంటుకుంది. దాని ఫోనులో పైన, గీతలూ బ్యాటరీ బొమ్మా ఉండే చోట, ఒక చిన్న మబ్బు బొమ్మ ఉండేది. పక్కన ఎండ ఎన్ని డిగ్రీలో అంకె. ఛార్జింగు ఎంతుందో ఇంకో అంకె. అన్నీ ముత్యాలు గుచ్చినట్టు వరసలో. ఒక రోజు ఆ మబ్బుని చూసి, "అత్తయ్యా, ఇంకో గంటలో వానొస్తుందండీ, ఆరబోసిన ఒడ్లు ఎత్తేద్దాం" అంది. ఎత్తారు. వాన వచ్చింది. మా అత్త ఆ వారమంతా వీధిలో ఇదే హరికథ చెప్పింది.

"మా సిన్నకోడలి ఫోను నెత్తి మీద మబ్బు కనపడతాదే! అది సెప్పిందంటే వానే!"

"నాకూ మబ్బు కనపడతాది అత్తా. తలెత్తి చూస్తే చాలు" అన్నాను.

"నువ్వు తలెత్తేలోగా ఒడ్లు మొలకలొస్తాయే" అంది అత్త.

అది మొదలు. తర్వాత గ్యాసు నంబరు దానికి మారింది. బండ తెచ్చిన మనిషి గుమ్మంలో నిలబడి "ఓటీపీ చెప్పండమ్మా" అంటే, పదకొండేళ్ళు ఆ పొయ్యి మీద వండిన నేను పక్కకి తప్పుకోవాలి. శిరీష చీర చెంగుకి చేతులు తుడుచుకుంటూ వచ్చి, మంత్రం చదివినట్టు నాలుగు అంకెలు చెప్పాలి. ఓటీపీ రాని బతుకూ ఒక బతుకేనా? నాకు కడుపు మండిపోయేది. కుళ్ళు అంటారే, అదే. పేరు మార్చి చెప్పడం నాకు చేతకాదు.

నా ఫోను సంగతీ చెప్పాలి. మా ఆయన వాడి వాడి విసుగెత్తాక నాకు దయ చేసిన ఫోను. మా ఇల్లు పల్లంలో ఉంది, గోడలు మందం. సిగ్నల్ వంటింటి కిటికీ గట్టు మీద మాత్రమే కాపురం చేస్తుంది. అక్కడ పెడితే రెండు గీతలు, నడవలోకి తెస్తే ఒకటి, నడిమింట్లోకి వస్తే సున్నా.

ఇలా ఉండగా బెల్లం రోజులొచ్చాయి. మా వైపు చెరకాడాలంటే గానుగ దగ్గర వంతు ఉంటుంది. సన్యాసినాయుడి గానుగ బుచ్చయ్యపేట రోడ్డులో. ముందువాళ్ళ బెల్లం కాగే పెనం దిగబోతుండగా ఆయన తర్వాతవాళ్ళకి ఫోను చేస్తాడు. ఎత్తి "వస్తన్నాం" అంటే వంతు మనది. ఎత్తకపోతే మన వెనకవాళ్ళది. నరికిన చెరకు మన కోసం ఆగదు. రోజు దాటితే రసం పులుపు తిరుగుతుంది, బెల్లం గట్టిపడదు, రంగు చెడుతుంది. ఇంత ముఖ్యమైన ఫోను మగాళ్ళకి రాకూడదని మా అత్త పెట్టిన పద్ధతి. వాళ్ళు చొక్కా, చొక్కాలోని ఫోనూ గట్టు మీద పెట్టి తోటలోకి దిగిపోతారు, పిడుగు పడినా వినపడదు. అందుకని గానుగకి ఎప్పుడూ ఇంట్లో ఆడాళ్ళ నంబరే. అంటే పదకొండేళ్ళూ నాదే.

ఆ ఏడు అత్త అంది: "ఈసారి సిన్నకోడలి నంబరిద్దాం. నీ ఫోను ఎప్పుడు మోగతాదో, ఎప్పుడు మూగబోతాదో దేవుడికే తెలాలి."

నేను ఊరుకుంటానా! "ఏటి అత్తా, మబ్బు బొమ్మ నేదని నా నంబరు పనికిరాకుండా పోయిందా? పదకొండేళ్ళలో ఒక్క వంతు పోగొట్టేనా?"

"అక్క నంబరే ఇవ్వండత్తయ్యా. అక్కకి అలవాటు" అంది శిరీష.

చూశారా! నా కిరీటం తీసి, మళ్ళీ తనే దయతో నా నెత్తిన పెట్టింది. అత్త సరేనంది. నేను గెలిచాను. కానీ ఆ గెలుపు శిరీష పెట్టిన భిక్షలా ఉండి, ఆ పూట అన్నం సహించలేదు.

సాయంత్రం వంటింటి కిటికీ దగ్గర కూర్చుని, ఫోను పైన ఉండే గుర్తులని అందంగా మార్చుకోవడం ఎలాగో ఒక వీడియో చూశాను. అందులో కుర్రాడు గడగడా చెప్పుకుపోతున్నాడు. సెట్టింగుల్లోకి వెళ్ళి ఒక నంబరు మీద ఏడుసార్లు నొక్కమన్నాడు, నొక్కాను. ఏదో కొత్త తలుపు తెరుచుకుంది. అందులో డెమో మోడ్ అని ఉంటే దాన్ని వెయ్యమన్నాడు. వేశాను.

అబ్బ! ఏం చెప్పమంటారు! చెత్తంతా ఊడ్చుకుపోయింది. నాలుగు గీతలు నిండుగా, బ్యాటరీ నూటికి నూరు, అంతా కళ్యాణ మండపంలా కళకళ్ళాడిపోతోంది. నడిమింట్లోకి వెళ్ళాను, నాలుగు గీతలు. బియ్యం గదిలోకి వెళ్ళాను, నాలుగు గీతలు. బావిలోకి తొంగి చూస్తూ చేయి చాపాను, నాలుగు గీతలు. గడియారం మాత్రం పది గంటల దగ్గర ఆగిపోయింది. పోనీలే, ఇంత అందానికి ఆ మాత్రం దిష్టిచుక్క ఉండాలి అనుకున్నాను. గోడ గడియారం ఉంది కదా.

మీకు ఈపాటికి అర్థమైపోయి ఉంటుంది. నాకు అర్థం కావడానికి ఇంకో రోజు పట్టింది.

"సూడత్తా! మబ్బు బొమ్మ లేకపోతేనేం, నా ఫోనుకి ఇల్లంతా సిగ్నలే!"

అత్త కళ్ళు చికిలించి చూసింది. "ఓలమ్మో! నిండుగా ఉందే! సిన్నకోడలికి ఎన్నున్నాయో?"

శిరీష తన ఫోను చూసుకుంది. "ఒకటేనండీ." తర్వాత నా ఫోను వంక చూసి, మొహం అదోలా పెట్టి నెమ్మదిగా అంది: "అక్కా, ఇవి నిజం గీతలు కావేమో. ఊరికే చూపించడానికి పెట్టే బొమ్మలేమో. ఓసారి తీసేసి చూడు."

"నాకు నాలుగొస్తే నీకెందుకే అంత కుళ్ళు?" అన్నాను.

అవును, ఈ మాట నేనే అన్నాను, దాన్ని! ఆ క్షణంలో భూదేవి పగలబడి నవ్వి ఉంటుంది.

మర్నాడు తెల్లారేసరికి మగాళ్ళు చెరకు నరకడం మొదలుపెట్టారు. మధ్యాహ్నానికి నాయుడు ఫోను చేస్తానన్నాడు. నేను ఫోనుకి ఛార్జింగు పెట్టలేదు. నిండు కుండలో ఎవరైనా నీళ్ళు పోస్తారా? కిటికీ గట్టు మీదా పెట్టలేదు. అంత గొప్ప ఫోనుని వంటింటి పొగలో పెడతామా? నడిమింట్లో దేవుడి గూట్లో, పసుపు బరిణె పక్కన పెట్టాను. అత్త దాని ఎదురుగా పీట వేసుకుని, పూజలో కూర్చున్నట్టు కూర్చుంది.

పన్నెండయింది. ఒంటిగంట అయింది. పెరట్లో చెరకు కట్టలు గుట్టగా పేరుకున్నాయి. మా ఆయన తలగుడ్డ విప్పి దులుపుకుంటూ వచ్చి, "ఫోనొచ్చిందేటి?" అన్నాడు.

"రానేదు. వస్తే నాలుగు గీతల మీద వినపడదా?"

రెండయింది. శిరీష గుమ్మం దగ్గర నిలబడి, "అక్కా, నా ఫోను నుంచి నాయుడు మావయ్యకి ఒక్కసారి చేసి అడగనా?" అంది.

"వొద్దు! నువ్వు చేసేటప్పుడే ఆయన నాకు చేస్తే? లైను దొరకదు, వంతు పోతాది."

నిజం చెప్పనా? లైను గొడవ కాదు. ఆ వార్త దాని నోటి నుంచి ఇంట్లోకి రాకూడదు, అంతే.

నాలుగు గంటలకి గుమ్మం ముందు మోటారు సైకిలు ఆగింది. సన్యాసినాయుడు. డీజిలు తేవడానికి చోడవరంలోకి వెళ్తూ ఆగాడు. మొహం కందగడ్డలా ఉంది. నన్ను పేరు పెట్టి కేకేశాడు.

"ఏటమ్మా పైడితల్లీ! ఈ ఏడు మీకు బెల్లం అక్కర్నేదా? ఏడుసార్లు సేసేను. ఎత్తరేటి? మీ వంతు వెనకోళ్ళకి ఇచ్చేసేను. వాళ్ళ చెరకు ఆడతంది."

మా అత్త పీట మీంచి దిగ్గున లేచింది. తప్పు తెలిసినవాళ్ళు ఇక్కడ ఊరుకుంటారు. నేను నడుం బిగించాను.

"నాయుడు మావా, అబద్ధానికైనా అందముండాలి! లోపలికి రా. సూడు! నాలుగు గీతలు. ఛార్జింగు నూటికి నూరు. మిస్డు కాలు గుర్తు ఒక్కటుందా? వెనకోళ్ళు నీకేటి పెట్టేరేటి, మా వంతు అమ్ముకున్నావు?"

"ఎవరమ్మా అమ్ముకున్నది? ఇరవయ్యేళ్ళయి గానుగాడిస్తన్నాను!" ఆయన కళ్ళజోడు తీసి, తుడుచుకుని, పెట్టుకుని నా ఫోను చూశాడు. "గీతలు ఉన్నాయి గానీ, ఇప్పుడు టైమెంత సూపిస్తంది?"

"పది."

"ఏ పదమ్మా?"

వెనక నుంచి అత్త అందుకుంది. "అవునే, నేను దీపం పెట్టినప్పుడూ పదే, గంజి తాగినప్పుడూ పదే. నీ ఫోనులో పొద్దు పొడిసి అక్కడే కూకుండిపోయిందేటే?"

"ఉండు, నీ ఎదురుగానే సేస్తాను" అని నాయుడు తన ఫోను తీశాడు. దానికి నడిమింట్లో సిగ్నల్ లేదు. వీధరుగు మీదికి వెళ్ళి, స్పీకరు పెట్టి కొట్టాడు. నేను నా ఫోనుని పసిబిడ్డలా రెండు చేతుల్లో పట్టుకుని నిలబడ్డాను. అరుగు మీంచి ఒక ఆడగొంతు తియ్యగా వినపడింది. మీరు పిలుస్తున్నవాళ్ళు కవరేజీలో లేరట.

"ఆ గుంట కూడా అబద్ధమే సెప్తంది!" అన్నాను.

అప్పుడు, నూటికి నూరు ఛార్జింగుతో, నాలుగు నిండు గీతలతో, పది గంటలకి, నా చేతిలోనే నా ఫోను కళ్ళు మూసేసింది.

పెరట్లోంచి నరికిన చెరకు వాసన వస్తోంది, ఒక ఇంటి ఏడాది కష్టం వాసన. మొదటిసారి నాకు నిజంగా భయం వేసింది. మా ఆయన నా వంక చూడకుండా తలగుడ్డ మళ్ళీ చుట్టుకున్నాడు.

ముందుకొచ్చింది ఎవరనుకున్నారు? శిరీషే. నాయుడికి మజ్జిగిచ్చింది. "అక్క కంగారులో అంది, మనసులో పెట్టుకోకండి మావయ్యా" అంది. బతిమాలి, ఎల్లుండి తెల్లారగట్ల వంతు రాయించింది. చెరకు మీద తడి గోనెలు కప్పమని మరిదికి చెప్పింది. అన్నీ అయ్యాక అత్త వైపు తిరిగి, "ఫోను పాతదత్తయ్యా, పాడయినట్టుంది. అక్క తప్పేం లేదు" అంది.

అత్త కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. నా ఏడుపు అది కాదండీ. నా తోటికోడలు నవ్వలేదు. ఒక్కసారైనా, పెదవి చివరైనా నవ్వి ఉంటే నాకెంత హాయిగా ఉండేది! మబ్బులో నన్ను మించింది, ఓటీపీలో మించింది, ఇప్పుడు మంచితనంలో కూడా మించిపోతే ఇంక నాకేం మిగిలింది? ఆ కుళ్ళు పట్టలేకే నిజం కక్కేశాను.

"పాడవలేదత్తా! నేనే మార్చేను! దానికంటే నాది గొప్పగా కనపడాలని లేని గీతలు పెట్టుకున్నాను. అది ముందే సెప్పింది, నేనే వినలేదు!"

పులిని చూసి నక్క వాత పెట్టుకుందంటారు. నక్క నయం, సొంత ఒంటికే పెట్టుకుంది. నేను ఇంటిల్లిపాది చెరకుకి పెట్టాను. ఆ చెరకు మూడో రోజు ఆడితే బెల్లం అచ్చు కట్టలేదు. నల్లగా, జిగురుగా, గరిటెకి వేలాడింది. ఏడాది పొడుగునా ఆ బెల్లంతో పెట్టిన మా ఇంటి కాఫీ రంగు చూసిన చుట్టాలు, "ఏటిది, కషాయమా?" అని అడిగారు. ప్రతిసారీ మా అత్త నా వైపే చూసేది.

నేను నిజం కక్కిన ఆ సాయంత్రం మాత్రం అత్త నన్ను తిట్టలేదు. చాలాసేపు ఆలోచించింది. తర్వాత తీర్పు చెప్పింది.

"ఇకనుంచి గానుగకి, గ్యాసుకి, డాక్టరుకి సిన్నకోడలి నంబరు. పెద్దకోడలి నంబరు కూడా పారెయ్యొద్దు, పనికొస్తాది. మన ఇంటికొచ్చి నెలల తరబడి తిష్ట వేసే సుట్టాలున్నారు కదా, వాళ్ళందరికీ దాని నంబరే ఇద్దాం. ఫోన్లు సేసుకుని సేసుకుని వాళ్ళే రావడం మానేస్తారు."

అప్పుడు నవ్వింది శిరీష. కడుపు పట్టుకుని, కింద కూలబడి మరీ నవ్వింది. నేనూ నవ్వాననుకుంటాను, కాస్త ఏడుస్తూ.

కాబట్టి, చెయ్యి గుండె మీద పెట్టుకుని, చదువుతున్న మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మళ్ళీ ఫోను నెత్తి మీద గుర్తుల జోలికి పోను. ఉన్న గీతలతోనే కాపురం చేస్తాను, లేని గీతలు గీసుకోను. నా తోటికోడలిని చూసి ఎన్నడూ కుళ్ళుకోను అని కూడా ఒట్టు పెడదామనుకున్నాను గానీ, నిన్ననే అది కొత్త ఫోను కొంది. ఒకేసారి రెండు ఒట్లు మనిషికి మంచిది కాదు.