లేని మనిషిని నిలబెట్టిన ఫోటో

మా నాన్నది తెనాలిలో ఫోటో స్టూడియో. గ్రూప్ ఫోటోకు అందని మనిషిని, దుబాయ్‌లో ఉన్నా, కాలం చేసినా, తర్వాత అందులో కలిపి ఇవ్వడం మాకు మామూలు పని. కాళ్ల దగ్గర నీడ వేయడం మరిచిపోతే నాన్న చెడామడా తిట్టేవాడు. ఆ విద్య నాకు బాగానే అబ్బింది. అబ్బకపోయినా బాగుండేది.

ఊళ్లకు ఊళ్లు స్టూడెంట్ వీసా మీద కెనడా వచ్చిపడుతున్న రోజుల్లో నేనూ వచ్చి మిస్సిసాగాలో ఒక బేస్‌మెంట్‌లో దిగాను. వారమంతా కాలేజీ, వేర్‌హౌస్. ఆదివారాలు మాత్రం కెమెరా తగిలించుకుని స్పానిష్ చర్చికి వెళ్లి, మెక్సికో నుంచీ కొలంబియా నుంచీ వచ్చిన కుటుంబాలకు క్యాష్ తీసుకుని ఫోటోలు తీసేవాణ్ణి. మనవాళ్లు కెమెరా చూడగానే బిగుసుకుపోతారు. వీళ్లు ఒకరి మీద ఒకరు వాలిపోయేవాళ్లు. విడదీసి వరుసగా నిలబెట్టడం నా తరం కాలేదు.

వాళ్లలో ఒక కొలంబియా ఆవిడ, ఆవిడకు పదేళ్ల కూతురు. భర్త అక్కడే ఉండిపోయాడు. ఆయన్ని స్పాన్సర్ చేసి ఇక్కడికి రప్పించుకోవడానికి ఆవిడ తిప్పలు పడుతోంది. చర్చి ముందు మంచులో తల్లీకూతుళ్లకు ఫోటో తీశాక, పాప ఫోన్‌లో నాన్నను చూపించింది. నా చెయ్యి ఊరుకోలేదు. ఆయన్ని తెచ్చి ఇద్దరి మధ్యా నిలబెట్టాను, నీడతో సహా. ఆవిడ చూసి ఏడ్చేసింది. నాకు గర్వంగా అనిపించింది.

ఆవిడ దాన్ని మురిపెంగా స్పాన్సర్‌షిప్ ఫైల్‌లో పెట్టిందని నాకు తెలియదు. ఎప్పుడూ కెనడా రాని మనిషి ఇక్కడి మంచులో ఎలా నిలబడ్డాడో నెలలోగా చెప్పమని ఇమిగ్రేషన్ వాళ్ల నుంచి లెటర్ వచ్చింది. పాప దాన్ని తీసుకుని తల్లితో మా బేస్‌మెంట్‌కు వచ్చింది.

"ఈ ఫోటో మీరే చేశారని రాసివ్వండి అంకుల్, చాలు. మేం అబద్ధం ఆడలేదని వాళ్లకు తెలుస్తుంది" అంది ఇంగ్లీషులో. తల్లి నా మొహమే చూస్తోంది. సరేనన్నాను.

వాళ్లు వెళ్లాక మా రూమ్మేట్ అందుకున్నాడు. "పిచ్చా రా నీకు? స్టూడెంట్ పర్మిట్‌లో ఉన్న గంటలు దాటి క్యాష్‌కి పనిచేస్తున్నా అని నీ చేత్తో నువ్వే రాసిస్తావా? రేపు ఇక్కడే ఉండిపోవడానికి పీఆర్ అప్లై చేసేవాడివి. గమ్మునుండు."

లెటర్ టైప్ చేశాను. సంతకం దగ్గర ఆగిపోయాను. పాప రెండుసార్లు ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆ చర్చి వైపు వెళ్లడమే మానేశాను. పిరికితనం, ఇంకో పేరు లేదు దానికి. గడువు దాటింది. మోసం చేశారని తేల్చి, ఆయన ఐదేళ్లపాటు ఈ దేశంలో అడుగు పెట్టకూడదన్నారని ఎవరో చెప్పగా విన్నాను.

ఆ తర్వాతి నెలలోనే నా పీఆర్ ఫారాలు నింపాను. సంతకం అడిగిన ప్రతిచోటా ఆగకుండా పెట్టాను.