ఫారంలో ఆమె కొట్టేసిన మాట

ఇంగ్లీషులో కొన్ని దేశాల పేర్ల ముందు ‘ది’ రావడం వట్టి అలవాటేనని మా కాలేజీ స్టాఫ్‌రూంలో అందరూ అంటారు. నేనూ అక్కడ ఇంగ్లీషు చెప్పేదాన్నే గానీ, ఆ మాట ఒప్పుకోను.

షేక్‌పేట నుంచి ఫిల్మ్ నగర్ వెళ్ళే సిటీ బస్సులో ఒకసారి నా పక్కన ఒక తెల్లమ్మాయి కూర్చుంది. సినిమా పాటల్లో హీరో వెనక డాన్సు చేయడానికి వచ్చిందట. ఆమె చేతిలో ప్రొడక్షన్ మేనేజరు నింపిన ఫారం ఉంది. దేశం అన్నచోట ‘రష్యా’ అని రాసేశాడు. మన సినిమావాళ్ళకు తెల్లగా ఉన్న డాన్సరల్లా రష్యనే మరి!

“నాది ఉక్రెయిన్. దిద్దిపెడతారా?” అని వచ్చీరాని ఇంగ్లీషులో అడిగింది.

నేను రష్యా కొట్టేసి, చిన్నప్పుడు బడిలో నేర్పినట్టే ‘ది ఉక్రెయిన్’ అని గుండ్రంగా రాశాను. ఆమె నా పెన్ను లాక్కుని, కాగితం చిరిగేంత గట్టిగా ఆ ‘ది’ కొట్టేసింది.

“రష్యా కింద ఉన్నప్పుడు అలా రాసేవాళ్ళు. అది ఉంటే మేము ఇంకొకళ్ళ జిల్లా. మాది దేశం” అంది.

కండక్టరమ్మ పకపకా నవ్వింది. “ఏంది మేడం, మీ ఇంగ్లీషునే దిద్దుతుంది గీ పిల్ల?”

“దిద్దనీ, తప్పు నాదే” అన్నాను. ఆ మాట నా నోట మా ఇంట్లోవాళ్ళు కూడా ఎన్నడూ వినలేదు.

అప్పట్నుంచీ క్లాసులో ఆ ‘ది’ లేకుండానే చెబుతున్నాను. కానీ ఆఫ్రికాలో గాంబియా దేశంవాళ్ళు తమ పేరు ముందు అదే ‘ది’ని కావాలని అడిగి మరీ ఉంచుకున్నారట. ఆ అమ్మాయి మళ్ళీ కనబడితే అడుగుతాను: నిన్ను అంత చిన్నబుచ్చిన మాట, వాళ్ళకు గౌరవం ఎలా అయిందమ్మా?