సిపాయి బూటు అరికాలు

నన్ను బడి ఏడో తరగతిలో వదిలేసింది. దాన్ని నేను ఆరులోనే వదిలేశాను గనుక మా మధ్య పెద్ద గొడవేమీ జరగలేదు. తర్వాత తెనాలిలో నాటకాల సామాను అద్దెకిచ్చే కొట్టులో కుదిరి, చివరికి ఆ కొట్టుకే యజమానినయ్యాను. ఇప్పటికీ మా ఇంటికి చుట్టాలొస్తే పడుకోవడానికి చోటుండదు గానీ, కూర్చోవడానికి రెండు సింహాసనాలుంటాయి.

ఒకరోజు రేపల్లె నుంచి కండక్టరన్నయ్య వచ్చాడు. ఉద్యోగం బస్సులో, ప్రాణం నాటకంలో. తెల్లదొరల కాలపు యుద్ధానికి మన వైపు నుంచి వెళ్లి చనిపోయిన సిపాయి వేషం ఆయనకు పెట్టింది పేరు. ఎప్పుడొచ్చినా ముందు టీ అడిగేవాడు, ఆ రోజు అడగలేదు.

"తమ్ముడూ, నాకు బూట్లు కావాలి. పైన ఎలాగున్నా పర్లేదు. కింద బాగుండాలి."

"నేలకి చూపించడానికా అన్నయ్యా?"

ఆయన నవ్వలేదు. విషయం నాకూ తెలుసు. పోయినేడాది బాపట్లలో ప్రదర్శన. ఆఖరి రంగంలో సిపాయి తూటా తగిలి, కాళ్లు జనం వైపు పెట్టి పడిపోతాడు. తల జనం వైపు పెడితే, తలదగ్గర కూర్చుని ఏడ్చే తల్లి వేషం ఆవిడ వీపు జనానికి కనపడుతుంది. ఆవిడ దానికి చచ్చినా ఒప్పుకోదు. సరే, పడ్డాడు. కాళ్లకున్నవి రేపల్లె బజార్లో తనే కొనుక్కుని నల్లరంగు వేసుకున్న క్యాన్వాస్ బూట్లు. పైన వేసిన రంగు కింద వేయలేదు. తెల్లటి రబ్బరు, దాని మీద సైజు చీటీ. ముందు వరసలోంచి ఎవరో "తొమ్మిదో నంబరు!" అని అరిచారు. ఇక ఏముంది, హాలంతా పడీపడీ నవ్వింది. శవం లేచి సమాధానం చెప్పలేదు కదా. తెర పడేదాకా కళ్లు మూసుకుని ఆ నవ్వులన్నీ విన్నాడు.

"తెనాలిలో ఆట పెట్టుకున్నాం. ఈసారి కూడా నేను చచ్చినప్పుడు జనం నవ్వితే, ఇక మొహానికి రంగు పూయను," అన్నాడు. బస్సులో అందర్నీ ముందుకు జరగమని అరిచే గొంతు, ఆ మాట దగ్గర బాగా వెనక్కి జరిగింది.

నాకు వేళాకోళం ఊపిరి లాంటిది. ఆ పూట కాసేపు ఊపిరి బిగబట్టాను.

ఆ కాలం బూటు అడుగు ఎలా ఉంటుందో తెలిస్తే కదా చేసేది! బాపట్లలో ఒక మాజీ సైనికుడి ఇంట్లో, వాళ్ల నాన్న తొడుక్కున్న బూటు ఒకటి మిగిలి ఉందని విని రైలెక్కాను. తలుపు కొట్టుకోకుండా దాన్ని అడ్డం పెట్టుకున్నారు. తిరగేసి చూస్తే మడమకి గుర్రపు లాడం లాంటి ఇనుము, ముందు వేళ్ల దగ్గర అర్ధచంద్రం రేకు, మధ్యన బొడిపె మేకుల వరసలు. నేలకి ఆనని అరికాలి వంపులో మాత్రం ఉత్త తోలు.

"అచ్చు తీసుకోవచ్చా బాబాయ్ గారూ?"

"తీసుకో. బూటు మాత్రం ఇక్కడే ఉంచు. గాలికి తలుపు ఆగదు."

పిన్నిగారు చపాతీ పిండి ముద్ద ఇచ్చారు. బూటు దాంట్లో నొక్కి, పళ్లెంలాంటి స్టీలు డబ్బాలో పెట్టుకున్నాను. రైల్లో పక్కావిడ "టిఫినాండి?" అని తొంగిచూసి, చపాతీ మీద బూటుకాలు చూసి, మూట సర్దుకుని ఎదుటి సీటుకి మారిపోయింది. పోనీ అచ్చైనా దక్కిందా అంటే, నిడుబ్రోలు దాటేసరికి మడమ పూరీలా ఉబ్బింది. అదృష్టం కొద్దీ ఇంకో పని కూడా చేశాను. చిన్నప్పుడు రూపాయి బిళ్ల మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దేవాళ్లం చూశారూ, అలా బూటు అడుగు మొత్తం రుద్దుకొచ్చాను. బడిలో నేను శ్రద్ధగా నేర్చుకున్న విద్య అదొక్కటే.

నిజం మేకులు కొడితే చెక్క వేదిక మీద జారి, సిపాయి తూటా తగలకముందే పోతాడు. అందుకని జాకెట్ల టిచ్ బటన్ల టోపీలు అంటించి మేకులు చేశాను. పాత అల్యూమినియం మూత కోసి లాడం, అర్ధచంద్రం తయారుచేశాను. కొత్త తోలు మెరవకుండా టీ డికాషన్ పూశాను. వరసలో ఒక్క మేకు పక్కకి జరిగినట్టు అనిపించినా పీకి మళ్లీ అంటించాను. మా ఆవిడ చూసి, "నా జాకెట్లన్నీ నోళ్లు తెరుచుకున్నాయి. మీ సిపాయికి మాత్రం మేకులు తక్కువ కాకూడదు," అంది.

ఆటకి ముందురోజు బూట్లు రేపల్లె తీసుకెళ్లి ఇచ్చాను. అన్నయ్య వాటిని తిరగేసి మేకుల మీద వేలు పోనిచ్చి, టీ తెప్పించాడు.

ఆట రోజున నేను ముందు వరసలో కూర్చున్నాను. పక్కన అన్నయ్యవాళ్లమ్మ. పెద్దావిడ, మనిషి మెత్తన, కళ్లజోడు మందం.

ఆఖరి రంగం వచ్చింది. సిపాయి తూలాడు, పడ్డాడు. అరికాళ్లు మా ఎదురుగా నిలబడ్డాయి. మేకులు, లాడాలు, అన్నీ దీపాల వెలుగులో బాపట్ల బూటులాగే ఉన్నాయి. ఛాతీ ఉబ్బించబోయి ఆగిపోయాను. కుడి బూటు వంపులో, నేను ఉత్త తోలు వదిలిన చోట, పావలా అంత నల్లటి చుక్క. గుండ్రంగా, నిగనిగలాడుతూ.

మెల్లగా పక్కకి వంగాను. "పెద్దమ్మా, అది నీ పనేనా?"

"కాటుక నాయనా. పోయినేడు అంతమంది కళ్లు పడ్డాయా లేదా? మొహాన పెడితే తుడిచేసుకుంటాడు. అందుకని చంటప్పుడు పెట్టినట్టు అరికాలికి పెట్టా."

"అరికాలికా!"

"అరికాలు ఎవరు చూస్తారు?"

ఎవరు చూస్తారట! హాలు మొత్తానికి చూపించాలనే కదా నేను మా ఆవిడ జాకెట్ల బటన్లన్నీ ఊడబీకింది. మేకులన్నీ అరిగేలా నడిచినా, నేలకి ఆనని వంపులో చుక్క చెక్కుచెదరలేదు. నవ్వు ఎటునుంచి మొదలవుతుందా అని నా వీపంతా చెవులైంది.

వెనక ఎవరో ఆడమనిషి నోట, "అయ్యో, దిష్టిచుక్క," అని చిన్నగా వచ్చింది. అంతే. ఆ మాట వరసనుంచి వరసకి పాకింది గానీ, దాంతో నవ్వు రాలేదు. పిల్లల్ని పెంచినవాళ్లే కదా అందరూ.

అప్పుడు తల్లి వేషం ఆవిడ పక్క తెరలోంచి వచ్చింది. ఎప్పటిలా తలదగ్గరికి పోతూ కాళ్ల దగ్గర చుక్క చూసి ఆగిపోయింది. ఇన్నేళ్లలో జనానికి వీపు చూపించని మనిషి, మాకు వీపు పెట్టి ఆ కాళ్ల దగ్గర కూలబడింది. బూటుని ఒళ్లోకి తీసుకుని చుక్కని అరచేత్తో మూసింది. చెప్పాల్సిన పేజీడు మాటల్లో ఒక్కటీ చెప్పలేదు. నా వెనక వరసల్లో ముక్కులు చీదడం మొదలైంది. పెద్దమ్మ కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంటోంది.

తెర పడగానే లోపలికి పరిగెత్తాను. అన్నయ్య ఇంకా పడుకునే ఉన్నాడు. ఒక కన్ను తెరిచాడు.

"ముసిముసిగానైనా నవ్వారా?"

"లేదన్నయ్యా."

"నిజం చెప్పు. నేను కండక్టర్ని, మొహం చూస్తే తెలిసిపోద్ది."

"అమ్మ మీదొట్టు. ఏడ్చారు."

లేచి కూర్చుని నా చెయ్యి పట్టుకున్నాడు. "నీ మేకులురా తమ్ముడూ!"

ఆ పొగడ్త జేబులో వేసుకోవడానికి నాకు చాలా మనసైంది. కానీ పక్కనే పెద్దమ్మ నిలబడి ఉంది. ఆయన కాలు ఎత్తి చూపించాను. ఆయన చుక్కని చూశాడు, అమ్మని చూశాడు.

"రెండో కాలికి పెట్టలేదేంటే?"

"కాటుక అయిపోయిందిరా," అందావిడ.

మొన్న బాపట్ల ఆటకి ముందు బూట్లు మళ్లీ నా కొట్టుకి వచ్చాయి. "మేకులు బానే ఉన్నాయి తమ్ముడూ. చుక్కే చెదిరింది, కాస్త రంగు వెయ్యి," అన్నాడు అన్నయ్య.

నల్లరంగు, సన్న కుంచె రెండూ నా దగ్గరున్నాయి. అయినా బూట్లు తిరిగి సంచిలో పెట్టి ఇచ్చేశాను. "అది నా కొట్లో దొరకదన్నయ్యా. రేపల్లె తీసుకెళ్లు. దార్లో కొత్త కాటుక డబ్బా కొను."