మే పదిహేను దాకా ఆగని ఎండ

2025 ఏప్రిల్ 26, శనివారం, మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలు. వంటింటి వెనక వరండాలో నేను మేకుకు తగిలించుకున్న థర్మామీటరు నలభై ఒకటి చూపించింది. ముందురోజు అదే సమయానికి ముప్పై రెండు. ఒక్క రోజులో తొమ్మిది డిగ్రీలు పెరగడం ఈ ఇంట్లో వంట చేస్తున్న పంతొమ్మిదేళ్ళలో నేను చూడలేదు. థర్మామీటరు చెడిపోయిందేమోనని దాన్ని లోపలికి తెచ్చి, పది నిమిషాలు హాల్లో ఉంచి, మళ్ళీ బయట తగిలించాను. మళ్ళీ నలభై ఒకటే.

బహ్రెయిన్‌లో మేముండే బుసైతీన్‌లో ఏప్రిల్ నెల మెత్తగా ఉంటుంది. సముద్రం మాకు రెండు వీధుల అవతలే. రాత్రి కిటికీ తీసి పడుకుంటే తెల్లవారుజామున దుప్పటి కప్పుకోవాలనిపిస్తుంది. ఇంటి పెద్దావిడ ఆ నెలంతా సాయంత్రాలు పెరట్లో కుర్చీ వేయించుకుని చాయ్ తాగుతారు. ఏసీలు శుభ్రం చేసే మనుషులను మే మొదటి వారంలో గానీ పిలవరు. మధ్యాహ్నం బయటి పనులు ఆపించే రూలు నడివేసవిలో గానీ రాదు. అందుకని ఆ శనివారం ఎదురుగా కడుతున్న ఇంటి మీద కూలీలు తలకు తడిగుడ్డలు చుట్టుకుని పని చేస్తూనే ఉన్నారు. దక్షిణం నుంచి ఎడారి మీదుగా పొడిగాలి వీస్తోంది. ఏసీలు వేస్తే ఏడాది దుమ్ము బయటికి వచ్చి పిల్లలు తుమ్మారు. నేను కిటికీలకు తడి దుప్పట్లు కట్టాను, లబన్ మజ్జిగ సీసాలు రెట్టింపు తెప్పించాను, మర్నాటి నుంచి వంట తెల్లవారుజామున నాలుగున్నరకే మొదలుపెట్టాను. ఇంట్లో తొమ్మిది మంది. తొమ్మిది మందీ బాగానే ఉన్నారు.

బయట ఉన్న పదో ప్రాణం గురించి రాయడానికే ఇది మొదలుపెట్టాను.

పెరట్లో ఇంటి ఉత్తరపు గోడ నీడన ఒక తమలపాకు తీగ ఉండేది. నీలం డ్రమ్మును సగానికి కోయించి, అందులో మట్టి పోసి, కొబ్బరితాడు చుట్టిన గొట్టం మీదికి పాకించాను. 2012 ఫిబ్రవరి 9న సెలవు ముగించుకుని వస్తున్నప్పుడు మా అక్క దాని కొస తుంచి, తడిగుడ్డలో చుట్టి, నా పెట్టెలో చీరల మధ్య పెట్టింది. మూడు కణుపుల ముక్క. మాది గోదావరి కాలువ చివరి ఊరు. అక్క పెరట్లో అవిశ చెట్ల మీద పాకే ఆ తీగను మా అమ్మ ఎవరి తోట నుంచో తెచ్చిందట. ఆకు పలచగా ఉండేది, ఘాటు తక్కువ, నమిలితే పిప్పి మిగలదు. ఆ రుచి బజారు ఆకులో నాకెప్పుడూ దొరకలేదు.

ప్రతి శుక్రవారం అక్క ఫోను చేసేది. పలకరింపు ఒక్కటే.

"నా తీగ ఎలాగుందే?"

"నేనెలా ఉన్నానో అడగవా అక్కా?"

"నువ్వు మాట్టాడతన్నావు కదే, బాగానే ఉన్నట్టు. అది మాట్టాడలేదు కదా, అందుకడుగుతున్నాను. చెప్పులేసుకుని దగ్గరికెళ్తన్నావేంటి?"

"లేదక్కా."

"ఒట్టు?"

"ఒట్టు."

ఆకుతోటలోకి చెప్పులతో వెళ్ళకూడదు. మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి. తలుపు బయట చెప్పులు వదిలి, కాళ్ళు కడుక్కుని వెళ్ళాలి. ఇక్కడ సిమెంటు గచ్చు మీద డ్రమ్ములో పెరిగే ఒక్క తీగకు కూడా నేను ఆ మాట తప్పలేదు. పంపు దగ్గర చిన్న చాప ఉండేది. చెప్పులు అక్కడ వదిలేదాన్ని. అక్కడి నుంచి తీగకు ఐదడుగులు.

తరువాత మా ఊరి చుట్టూ రొయ్యల చెరువులు తవ్వారు. నేలలోకి ఉప్పు ఊరడంతో అక్క పెరట్లో మొదట అరటి పోయింది, తరువాత అవిశ, 2017లో తీగ. ఆ శుక్రవారం ఫోనులో అక్క తన తీగ పోయిన సంగతి చెప్పింది. తరువాత, "నీ దగ్గరున్నదే నాది, జాగ్రత్త" అంది. 2019 నవంబరులో అక్క పోయింది. శుక్రవారాలు మిగిలాయి. తలస్నానం చేసి, ఒక ఆకు కోసుకుని, వక్క ముక్కతో నమిలేదాన్ని. ఆ పది నిమిషాలూ ఎవరైనా పిలిచినా పలికేదాన్ని కాదు.

నా వీసా ఆగస్టుతో ముగుస్తుంది. నాకు అరవై నాలుగు నిండాయి, ఇక ఖలాస్. తీగను తీసుకువెళ్ళి అక్క పెరట్లోనే నాటాలన్నది నా కోరిక. అక్క కూతురు జనవరిలోనే ఏర్పాటు చేసింది. మిగిలిన రెండు సెంట్ల స్థలంలో రెండు సిమెంటు వరలు దింపించి, ఉప్పు పైకి రాకుండా అడుగున కంకర పోయించి, కాలువ గట్టు నుంచి తియ్యమట్టి తెప్పించి నింపింది. ఆ వరల ఫొటో నా ఫోనులో ఉంది. రోజూ చూసుకునేదాన్ని. ఆగస్టులో వానలుంటాయి, వేరు పట్టుకుంటుందని నా ధీమా.

ఇక నీళ్ళ సంగతి చెప్పాలి. ఇక్కడ ఇంటి మీది ట్యాంకు పగలంతా ఎండలో కాగుతుంది. నడివేసవిలో పంపు తిప్పితే వచ్చేవి మరిగే నీళ్ళు. అందుకని వేసవిలో గీజరు ఆపేస్తాం. గీజరు స్నానాలగదిలో నీడన ఉంటుంది కాబట్టి దానిలో నిలిచిన నీళ్ళు చల్లబడతాయి. అప్పటి నుంచి ఎర్ర గుర్తు పంపులో చల్లనీళ్ళు, నీలం గుర్తు పంపులో వేడినీళ్ళు. కొత్తగా వచ్చినవాళ్ళు మొదటి వారం చెయ్యి కాల్చుకుంటారు. నేను ఏటా మే 15న గీజరు ఆపి, ఆ రోజు నుంచి తీగకు ఎర్ర పంపు నీళ్ళే బక్కెట్లతో మోసి పోసేదాన్ని. అంతవరకూ రబ్బరు గొట్టంతోనే. గొట్టం కొస డ్రమ్ములో కొబ్బరిపీచు కింద దూర్చి ఉంటుంది. ఉదయం ఆరింటికి నాలుగు నిమిషాలు, సాయంత్రం ఆరింటికి నాలుగు నిమిషాలు. పంపు దగ్గర నిలబడి గడియారం చూసి కట్టేసేదాన్ని.

ఏప్రిల్ 26 సాయంత్రం కూడా అలాగే నాలుగు నిమిషాలు వదిలాను. మర్నాడు సాయంత్రం ఆకులు వాలాయి. మా వైపు మనిషికి మొక్క వాలితే తోచేది ఒక్కటే, ఇంకాస్త నీళ్ళు పొయ్యడం. కాలువ కింద పుట్టినవాళ్ళం, నీళ్ళు కీడు చేస్తాయన్న ఆలోచన మాకు రాదు. ఆరు నిమిషాలు వదిలాను. 28న మధ్యలో నాలుగింటికి మరో నాలుగు నిమిషాలు కలిపాను. దగ్గరికి వెళ్ళి చూడలేదు. చెప్పులు వదిలి గచ్చు మీద ఒక్క అడుగు వేస్తే అరికాలు చుర్రుమని వెనక్కి వచ్చాను. చాప మీద నుంచే చూశాను. వంటింట్లో గిన్నెలు కడిగేటప్పుడు నీళ్ళు వేడెక్కిన సంగతి చేతికి తెలుస్తూనే ఉంది. జిడ్డు బాగా వదులుతోందని సంతోషించాను తప్ప, ఆ నీళ్ళే పెరట్లోకీ వెళ్తున్నాయని తోచలేదు.

29, మంగళవారం, సాయంత్రం నాలుగు గంటల ఐదు నిమిషాలు. నేను పంపు దగ్గర నిలబడి ఉంటే పిట్టగోడ అవతల నుంచి పక్కింటి తోటపనివాడు చూశాడు. నిజామాబాద్ వైపు మనిషి, యాభై దాటాయి, పదిహేడేళ్ళుగా మాకు గోడ పరిచయం.

"ఏందమ్మా గట్ల నిలవడ్డవు? దుబాయి ఎండ గిప్పుడు కొత్తనా నీకు?"

"ఇది దుబాయి కాదు బాబూ, బహ్రెయిన్. ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

"మా ఊర్ల అడుగు, అన్నీ దుబాయే. కువైట్ వోయినోడు గూడ దుబాయే వోయిండు." నవ్వుతూనే తీగ వైపు చూసి నవ్వు ఆపాడు. "ఏమైంది దానికి? నీళ్ళు వోస్తలేవా?"

"ఎందుకు పొయ్యను? రోజుకి మూడుసార్లు. మొత్తం పద్నాలుగు నిమిషాలు."

"నిమిషాల లెక్క మంచిగనే ఉన్నది టీచరమ్మా. నీళ్ళెట్లున్నయో సూసినవా?"

గేటు చుట్టూ తిరిగి వచ్చి నేరుగా డ్రమ్ము దగ్గరికి నడిచాడు.

"చెప్పులు! చెప్పులు విప్పు బాబూ!"

"కాళ్ళు కాలవెట్టుకోమంటవా ఏంది?"

చెప్పులతోనే వెళ్ళి, పీచు తీసి, మట్టిలో వేలు పెట్టి, చటుక్కున లాక్కున్నాడు.

"అమ్మా, ఇటు రా. చెప్పులేస్కొనే రా. చెయ్యి వెట్టి సూడు. గిండ్ల ఇంత చాయ్‌పత్త ఏస్తే చాయ్ అయితది."

పదమూడేళ్ళలో మొదటిసారి చెప్పులతో ఆ ఐదడుగులూ నడిచాను. వేలు పెట్టాను. రెండు లెక్కపెట్టేంత సేపు ఉంచలేకపోయాను.

"గీజర్ బంద్ చేసినవా?" అని అడిగాడు.

"మే పదిహేనున చేస్తాను."

"ఎండకేం తెలుసమ్మా నీ తారీఖు?"

అతను వెక్కిరించలేదు, మెల్లగానే అన్నాడు. నేను లోపలికి వెళ్ళి గీజరు ఆపి వచ్చాను. అప్పుడు నాలుగూ ఇరవై. నిరుటి మే పదిహేనున చల్లని నీళ్ళతో మొదలుపెట్టినప్పుడు ఆ తీగకు రెండు కొత్త చిగుళ్ళున్నాయి.

ఇద్దరం కలిసి డ్రమ్ము పక్కకు వంచి మట్టి తీశాం. వేళ్ళు గోధుమరంగు తిరిగి, పట్టుకుంటే పైతోలు వేళ్ళకు అంటుకుని జారిపోయింది. ఉడికిన తోటకూర వాసన వచ్చింది. అతను బ్లేడుతో కొసల వైపు నుంచి పచ్చగా ఉన్నంతవరకు కోశాడు. ఐదు ముక్కలు వచ్చాయి, ఒక్కోదానికి రెండేసి కణుపులు.

"గివి బతికితే బతుకుతయి. నీడన వెట్టు. నీళ్ళు తక్కువ వొయ్యి. ఏడుస్తున్నవా ఏంది? నీ అక్క సూస్తే నవ్వుతది."

"నా అక్క సంగతి నీకెవరు చెప్పారు?"

"నువ్వే. పదిహేడేండ్ల సంది గోడ మీదికెల్లి ఇంకేం ముచ్చట జెప్పినవు నాకు?"

ఇంటి పెద్దావిడను అడిగి ఆ ఐదు ముక్కలనూ హాల్లో మెట్ల కింద గాజు గ్లాసుల్లో పెట్టాను. ఆవిడ ఇంత ఆకు కోసం ఇంత గొడవా అన్నారు. కాసేపటికి తనే బుదైయా అనే ఊళ్ళో తన తండ్రికి ఉండిన తోట గురించి చెప్పారు. అక్కడ ఊట నీళ్ళు పారేవట. పిల్లలుగా వాళ్ళు మధ్యాహ్నమంతా ఆ నీళ్ళలోనే కూర్చునేవారట. ఊట ఎండిపోయింది, ఇప్పుడు అక్కడ విల్లాలున్నాయి. "ఖర్జూరం చెట్లు ఎన్ని ఉండేవి?" అని అడిగాను. ఆవిడ వేళ్ళ మీద లెక్కపెట్టడం మొదలుపెట్టి, ఎక్కడో ఆగిపోయి, "యల్లా, వెళ్ళి వంట చూసుకో" అన్నారు.

మే 2న గాలి ఉత్తరానికి తిరిగింది. థర్మామీటరు ముప్పై మూడుకు దిగింది. పెద్దావిడ మళ్ళీ పెరట్లో కుర్చీ వేయించుకున్నారు. మే 3న ఒక ముక్క నల్లబడింది. 6న రెండు. 9న ఒకటి. మిగిలిన ఒక్కదానికి 11వ తేదీ ఉదయం కణుపు దగ్గర తెల్లగా వేరుమొన కనిపించింది, బియ్యపుగింజలో సగం ఉంటుంది. శుక్రవారం దాకా ఆగలేక ఆదివారమే అక్క కూతురికి ఫోను చేశాను.

"వేరొచ్చిందే!"

"నిజంగానా పిన్నీ? అయితే వరల మీద కొబ్బరాకులు కప్పించేత్తాను, మట్టి ఎండిపోకుండా."

ఆ వారం రోజులూ నేను రోజుకు నాలుగుసార్లు మెట్ల కింద వంగి చూశాను. ఆగస్టులో ఎలా తీసుకువెళ్ళాలో ఆలోచించాను. తడిగుడ్డ, తరువాత ప్లాస్టిక్ సంచి, పైన పాత నేత చీర, అక్క చుట్టినట్టే. ఆ వేరుమొన ఒక చిన్న తెల్లగీతలా సాగింది. 17, శనివారం ఉదయం చూస్తే ముక్కంతా మెత్తబడి నీళ్ళలోకి వాలి ఉంది. కారణం నాకు తెలియదు. ఏసీ గాలి కావచ్చు. మొదటే దెబ్బ తిని ఉండవచ్చు.

ఆ రాత్రి అక్క కూతురు చాలా ఓర్పుగా మాట్లాడింది.

"పోనీలే పిన్నీ. కడియం నర్సరీకెళ్తే ఎన్ని రకాలు కావాలంటే అన్ని. నువ్వొచ్చాకా ఇద్దరం ఎల్లి తెచ్చుకుందాం. అమ్మేమనుకోదు."

"అమ్మ అనుకోదు."

"మరి?"

ఫోనులో దాని వెనక వాన చప్పుడు వినిపిస్తోంది. మా ఊళ్ళో ఆ వేళకు వాన పడుతోంది.

"వరల్లో ఏమెయ్యమంటావు పిన్నీ, ఖాళీగా ఉంచనా?"

"బంతి వేసుకో. మట్టి బాగుంది, పాడుచెయ్యకు."

మర్నాడు డ్రమ్ములో మట్టి పక్కింటి అతనికి ఇచ్చేశాను. కొబ్బరితాడు విప్పి చుట్ట చుట్టాను. ఎండిన తీగను పారేసే ముందు టేపుతో కొలిచాను. ఇవి పోయినవి.

తీగ ఒకటి, పదకొండు అడుగుల నాలుగు అంగుళాలు. ఆకులు నూట అరవై మూడు. నాటేందుకు కోసిన ముక్కలు ఐదు. బహ్రెయిన్‌లో ఆ తీగ బతికిన కాలం పదమూడేళ్ళ రెండు నెలల ఇరవై రోజులు. అక్క చేత్తో తుంచి ఇచ్చిన మొక్కల్లో ఇంకా ఎక్కడైనా బతికి ఉన్నవి: లేవు.