పోసేవాళ్ళే చాలన్న రోజు

2023 చివర్లో, సిడ్నీలో ఎండలు ముదురుతున్న రోజులవి. బ్లాక్‌టౌన్‌లో మా ఇంటి ముందు నా ఏడు సీట్ల బండి కడుక్కుంటుంటే ఫోన్ వచ్చింది. నేను ప్రైవేట్ టూర్లు నడుపుతాను. బస్సు నిండా జనాన్ని ఎక్కించి, ముందు జెండా పట్టుకుని నడిచే పని కాదిది. ఒక కుటుంబమో ఒక జంటో అడిగితే వాళ్ళకోసమే బండి తీసి, చూడాలనుకున్నది చూపించి, మళ్ళీ గుమ్మం ముందు దించుతాను. తెనాలిలో ఉన్నప్పుడు అకౌంట్లు రాసేదాన్ని. ఇక్కడికొచ్చి ఆఫీసులో కూర్చుంటే నా నోరు ఖాళీగా ఉండలేకపోయింది. మాట్లాడుతూ బతికే ఉద్యోగం ఇదొక్కటే దొరికింది.

మనవాళ్ళు ఎక్కువగా అడిగేది హంటర్ వ్యాలీ. ఉత్తరం వైపు రెండు గంటల దూరం, అన్నీ ద్రాక్షతోటలు. ప్రతి వైనరీకీ సెల్లార్ డోర్ అని ఒక గది ఉంటుంది. వచ్చినవాళ్ళకి అక్కడ తయారైన వైన్‌ని గుక్కెడు గుక్కెడు చొప్పున రుచి చూపించి, నచ్చితే అమ్ముతారు. పెద్ద కంపెనీలవి పెళ్ళి పందిళ్ళలా కిటకిటలాడతాయి. నాకు నచ్చేది మాత్రం హెలెన్ వాళ్ళ చోటు. డెబ్బై దాటిన ఆవిడ, మామగారు నాటిన తోటని ఇప్పటికీ తనే చూసుకుంటుంది. ముందుగా చెప్పి వెళితేనే గేటు తీస్తుంది.

ఫోన్‌లో ఉన్నావిడ కూడా ఆ చోటే కావాలంది. ఎంతమంది అని అడిగాను.

"పొయ్యేటప్పుడు నేనొక్కదాన్నే. వచ్చేటప్పుడు ఇద్దరం. ఇంకో సీటు ఉంచమ్మా."

ఇదేం లెక్కో నాకు అర్థం కాలేదు. నాలుగు మాటలు కలిపితే మొత్తం బయటపడింది. ఆవిడ పేరు రవణమ్మ, నెల్లూరు జిల్లా. మాకు దగ్గర్లోనే గిరావీన్‌లో కొడుకు దగ్గర ఉంటున్నారు. కూతురు హారిక ఇక్కడికి చదువుకని వచ్చి, బ్యాంకులో ఉద్యోగం చేసి, అది మానేసి వైన్ తయారుచేసే చదువు చదివింది. ఇప్పుడు హెలెన్ దగ్గర వైన్ చేస్తోంది. రవణమ్మ గారు ఒక్కసారి కూడా అటు తొంగి చూడలేదు. ఇప్పుడు కళ్ళారా చూసి, తను అనుకున్నట్టే ఉంటే, కూతుర్ని చెయ్యి పట్టుకుని బండెక్కించి తీసుకొచ్చేస్తుందట.

"దానికి మాత్రం చెప్పబాక," అంది.

హారిక నాకు తెలుసు. వెళ్ళినప్పుడల్లా వెనక షెడ్డులో గొట్టాలు కడుగుతూ చెయ్యి ఊపే పిల్ల. హెలెన్ ఎదుట తల్లీకూతుళ్ళు గొడవపడితే ఆ గేటు నాకు మళ్ళీ తెరుచుకోదు. కాదని చెప్పాలనే అనుకున్నాను. కానీ నేను కాదంటే ఇంకెవరి బండో ఎక్కి వెళుతుంది, అప్పుడు పక్కన తెలుగు తెలిసినవాళ్ళు కూడా ఉండరు. సరే రమ్మన్నాను.

శనివారం పొద్దున్నే గిరావీన్‌లో ఎక్కించుకున్నాను. జరీ అంచు నేత చీర, చేతిలో స్టీలు క్యారియరు. ఆంటీ అన్నానో లేదో కస్సుమంది. "నీకూ నాకూ ఎంత తేడా ఉంటదని ఆంటీ? అక్కా అనలేవా?" నేను జుట్టుకి నల్లరంగు వేసుకున్నా అలా అన్నందుకు నాకు కొంచెం ఉక్రోషం వచ్చింది గానీ, అక్కా అనే పిలిచాను. ఆ తర్వాత మనిషి తేలికపడింది.

ఉత్తరానికి పోయే ఎం వన్ హైవే ఎక్కాక తన సంగతి చెప్పింది. పెళ్ళయిన కొత్తల్లో, ఊళ్ళో రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్ళంతా కలిసి సారా అంగడి మీదికి పోయారు. నెల్లూరు వైపు మొదలైన ఆ ఉద్యమం సంగతి పెద్దవాళ్ళందరికీ తెలిసిందే. ఆ గుంపులో అందరికంటే చిన్నది ఈవిడ. చేతిలో చీపురు, కొంగున కారం పొట్లం. ఈవిడ అక్క మొగుడు అంతకుముందే ఆ అంగడి అరుగు మీద ప్రాణం వదిలాడు.

"తల నిలబడకపోతే గడ్డం పట్టుకుని పోశాడమ్మా ఆ అంగడివాడు. నేను చూశా," అంది.

ఆ రోజు అంగడి మూసి తాళం వేయించాక ఆడవాళ్ళంతా ఒట్టు పెట్టుకున్నారట, మూయించడానికి తప్ప మందు అంగడి గడప తొక్కబోమని. ఆమె కడుపున పుట్టిన పిల్ల ఇప్పుడు మందు తయారు చేస్తోంది. రోజూ ఫోన్ చేసుకుంటారు. "ఏం వొండుకున్నావని అడుగుతా. ఏం పని చేశావని మాత్రం ఒక్కనాడూ అడగలా," అంది.

మేం వెళ్ళేసరికి హెలెన్ వరండాలో ఉంది. ఒక్క మనిషి, అదీ చీరలో, పైగా లోపలికి రానంటోంది. ఇంకొకరైతే విసుక్కుందురు. హెలెన్ ఎందుకని కూడా అడగలేదు. వరండాలో, తలుపుకి ఎదురుగా కుర్చీ వేసి, పుదీనా ఆకులు వేసిన చన్నీళ్ళు తెచ్చిచ్చింది. అక్కడి నుంచి లోపల కౌంటరు అంతా కనిపిస్తుంది. అక్క చుట్టూ కలయజూసింది. తాగి పడినవాళ్ళెవరూ లేరు. అరుగు తుడిచి ఉంది, గులాబీ మొక్కలు పూసి ఉన్నాయి. ఆవిడకి అది కూడా నచ్చినట్టు లేదు.

నా లెక్క ప్రకారం హారిక ఎప్పటిలా వెనక షెడ్డులో ఉండాలి. కానీ కౌంటరు చూసే అమ్మాయికి ఒంట్లో బాగాలేదట. గ్లాసులు పట్టుకుని హారికే వచ్చింది. తల్లిని చూసి గుమ్మంలో ఆగిపోయింది. ఆమె వేళ్ళు పీపాల్లోని ఎర్ర వైన్ పట్టి గోళ్ళ దాకా నల్లబడి ఉన్నాయి. అక్క చూపు ఆ వేళ్ళ మీదే ఉండిపోయింది. నేను చెప్పులకేసి చూసుకుంటూ నిలబడ్డాను.

హారిక ఏడవలేదు, ఎందుకొచ్చావని అడగలేదు. గ్లాసులు వరండాలోని బల్ల మీద పెట్టి, అందరికీ చెప్పే మాటే చెప్పింది. "మా తోటకి వచ్చినందుకు సంతోషం. టేస్టింగ్ మొదలుపెడదామా?"

ఇన్నేళ్ళలో నేను చూసిన వింత టేస్టింగ్ అదే. అక్క ముట్టదు, నేను బండి నడపాలి కాబట్టి తాగకూడదు. తాగే మనిషే లేడు. అయినా ఆ పిల్ల ఒక్క గ్లాసు కూడా తప్పించకుండా పోసి, ఒక్కొక్కటీ వివరించింది. సెమియాన్ అనే తెల్ల ద్రాక్షని ఇక్కడ పులుపు ఉండగానే కోస్తారని, ఆ వైన్‌ని ఓపిగ్గా దాచితే ఏళ్ళ తరబడి మెత్తబడుతుందని చెప్పింది. ఎర్రదాని దగ్గరికొచ్చేసరికి, నాలుకని పట్టే గుణాన్ని ఇంగ్లీషులో టానిన్ అంటారని మొదలుపెట్టి ఆగి, "వగరమ్మా. పచ్చి జామకాయ వగరు," అంది.

అక్క గ్లాసు ముట్టుకోకుండా వంగి వాసన చూసింది. "వాసన బాగానే ఉండాది," అంది. తల వెనక్కి తీసుకుని, "అదే నా భయం," అంది.

హారిక మొహం చిన్నబోయింది. ఇక బండిలో ఉంచిన ఆ రెండో సీటు నిండేలాగే ఉంది అనుకున్నాను.

అప్పుడే, మాకోసం తీసి ఉంచిన గేటు దగ్గర మినీబస్సు ఆగింది. పెళ్ళికొడుకుని వెంటేసుకుని స్నేహితులు చేసుకునే బక్స్ పార్టీ. ముందుగా చెప్పకుండా, అప్పటికే రెండు మూడు చోట్ల తిరిగొచ్చారు. మమ్మల్ని దాటుకుని లోపలికి పోయారు. పెళ్ళికొడుకు మెడలో ప్లాస్టిక్ పూలదండ వేలాడుతోంది, అడుగు తిన్నగా పడటం లేదు. ఒకడు కౌంటరు మీద చెయ్యి వేసి, అన్నీ రుచి చూపించమని, నచ్చితే పెట్టెలకి పెట్టెలు కొంటామని అన్నాడు. చిన్న వైనరీకి అది మాటలా?

హారిక కౌంటరు వెనక్కి వెళ్ళి, తెరిచి ఉన్న సీసాలకి ఒక్కొక్కటిగా మూత పెట్టేసింది. జగ్గుతో మంచినీళ్ళు తెచ్చి ముందు పెట్టింది. ఈ రోజుకి మీకు పొయ్యలేను, నీళ్ళు తాగి కాసేపు నీడన కూర్చోండి అంది. గొంతు పెంచలేదు, నవ్వు మాత్రం తగ్గించింది.

ఈ రాష్ట్రంలో మందు పోసే ప్రతివాళ్ళూ ఆర్.ఎస్.ఏ. అనే శిక్షణ పూర్తి చేసి కార్డు తీసుకోవాలి. బాధ్యతగా పోయడం అని దాని అర్థం. మత్తులో ఉన్నవాళ్ళకి పోస్తే పోసినవాళ్ళదే నేరం. అక్క పక్కన వంగి ఇదంతా గబగబా చెప్పాను. "చట్టాలు మాకూ ఉండె," అంది ఆవిడ, కళ్ళు లోపలి నుంచి తిప్పకుండా.

వాళ్ళలో పొడుగువాడికి కోపం వచ్చింది. నీతో మాటలేంటి, మీ బాస్‌ని పిలువు అన్నాడు. వరండా మూల నుంచి హెలెన్ లేవనైనా లేవలేదు. "ఆ కౌంటరు దగ్గర ఆమే బాస్," అని చెప్పి తన టీ తాగింది. ఆవిడకి దండం పెట్టాలనిపించింది. పొడుగువాడు కౌంటరు మీదుగా వంగి, మూత పెట్టిన సీసా అందుకోబోయాడు. హారిక సీసాని వెనక్కి లాగి గుండెకి ఆనించుకుంది.

నా పక్కన కుర్చీ చప్పుడయింది. చూసేసరికి అక్క లేదు.

చెప్పులు వరండాలో వదిలి, కొంగు నడుముకి బిగించి, ఒట్టు పెట్టుకున్న గడప దాటి లోపలికి నడిచింది. తిన్నగా కౌంటరు వెనక్కి వెళ్ళి కూతురి భుజానికి భుజం ఆనించి నిలబడింది. ఆవిడ ఆ పిల్ల చెవి దాకా కూడా రాదు.

"పొయ్యి బస్సెక్కండి నాయనా. నీళ్ళు తాగి పడుకోండి. పెళ్ళి చేసుకోబొయ్యే పిలగాడు, చూడు ఎట్టా ఊగతా ఉండాడో."

అచ్చమైన నెల్లూరు తెలుగు. ఒక్క ముక్క అర్థమై ఉండదు. అయినా పొడుగువాడి చెయ్యి వెనక్కి వెళ్ళింది. పెళ్ళికొడుకు నీళ్ళ గ్లాసు అందుకుని, "రైటో, మమ్," అన్నాడు, సరేనమ్మా అన్నట్టు. ఆవిడ నిజంగానే ఆ పిల్లకి అమ్మ అని వాడికేం తెలుసు. నీళ్ళు తాగి, గొణుక్కుంటూ, ఒకరినొకరు పట్టుకుని వెళ్ళిపోయారు. బస్సు మలుపు తిరిగిన తర్వాత నేను ఊపిరి పీల్చుకున్నాను.

లోపల ఇద్దరూ అలాగే నిలబడి ఉన్నారు. అక్కే ముందు మాట్లాడింది.

"ఇట్టా రోజూ వస్తారా?"

"శనివారాలు వస్తారమ్మా."

"వచ్చినప్పుడల్లా ఆపతావా?"

"ఆపాలి గదా."

అక్క ఆ నల్లబడిన వేళ్ళని తన చేతిలోకి తీసుకుంది. "మన ఊళ్ళో పోసేవాడు ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి చాలు అని ఉంటే, మీ పెద్దమ్మ బతుకు అట్టయ్యేది కాదు. పోసేవాళ్ళే చాలనడం నేనిప్పుడే చూశా," అంది. తర్వాత కూతురి మొహంలోకి చూసి, "నువ్వు ఈడనే ఉండు. నీలాంటిది ఇక్కడ నిలబడాల," అంది.

అప్పటిదాకా గట్టిగా నిలబడ్డ పిల్ల తల్లి భుజం మీద తల వాల్చి వెక్కి వెక్కి ఏడ్చింది. నేను కూడా ఏడ్చాను, దాచడమెందుకు. హెలెన్ నా చేతిలో టిష్యూ పెట్టి, ఆవిడ ఏమందో చెప్పమంది. చెప్పాను.

అంతమాత్రాన అక్క మెత్తబడిపోయిందని అనుకోకండి. హెలెన్ ఒక సీసా కానుకగా ఇవ్వబోతే, రెండు చేతులూ జోడించి వద్దంది. ఇంట్లోకి రానిచ్చే ప్రశ్నే లేదంది. తెచ్చిన క్యారియరు విప్పి పులిహోర అందరికీ పెట్టింది. తర్వాత కూతురు వెంట తోటలోకి నడిచింది. మిగతా గుత్తులు బాగా పండాలని కొన్ని పచ్చి గుత్తుల్ని ముందే తుంచి కింద పడేస్తారు. అవి చూసి గోల పెట్టింది. "ఇంత పులుపుని నేలపాలు చేస్తారా? పప్పులో వేస్తే ఎట్టుంటదో తెలుసా?" పురుగుమందు కొట్టి చాలా రోజులైన వరసేదో హారిక చూపించింది, బాగా కడగమని మరీ మరీ చెప్పింది. ముగ్గురం వంగి ఏరాం. పాపం హెలెన్ బకెట్ తెచ్చిచ్చింది, పప్పు అంటే ఏమిటో తెలియకుండానే.

బయల్దేరేముందు ఆ బకెట్‌ని వెనక సీట్లో పెట్టాను. బండి కదలగానే కీచుకీచుమని మోత. సీట్లో బరువుంది, బెల్టు పెట్టలేదని బండి గొడవ. ఆగి బకెట్‌కి బెల్టు పెట్టాను. అక్క వెనక్కి తిరిగి, కూతురి కోసం ఉంచమన్న ఆ సీటుని, అందులో బుద్ధిగా కూర్చున్న బకెట్‌ని చూసి ఒకటే నవ్వు.

మన ఇళ్ళల్లో వడ్డించేవాళ్ళు చాలు అనరు. విస్తరికి చెయ్యి అడ్డం పెట్టి తినేవాళ్ళే అనాలి, అయినా వడ్డించేవాళ్ళు ఇంకొంచెం వేస్తారు. అదే మర్యాదని నేనూ పెరిగాను, టూర్లలో కూడా అలాగే నడిచాను. వచ్చినవాళ్ళని ఇంకో చోటికి, ఇంకో గ్లాసు దగ్గరికి తిప్పడమే నా మంచితనం అనుకున్నాను. ఆ శనివారం తర్వాత, ఎవరి కళ్ళైనా మత్తుతో బరువెక్కడం చూస్తే చివరి వైనరీ మానిపించి చీజ్ దుకాణానికో, కాఫీకో తీసుకెళుతున్నాను. కొందరికి కోపం వస్తుంది. రానివ్వండి. ఇద్దరు ఆడవాళ్ళు కౌంటరు వెనక నిలబడ్డ తీరు కళ్ళముందు ఉన్నంతకాలం నాకు పర్వాలేదు.

ఆ సాయంత్రం గిరావీన్ దగ్గరపడుతుండగా అక్క ఫోన్ మోగింది. ఇంటికి చేరారా అని హారిక. ఇంకో పది నిమిషాలంది అక్క. పచ్చి ద్రాక్ష పప్పు రేపు చేసి పంపిస్తానంది. కొంచెం తటపటాయించి, ఫోన్‌ని రెండో చెవికి మార్చుకుంది.

"మేం వచ్చేసినాక ఏం పని చేశావు?" అని అడిగింది.

అవతల పిల్ల చెప్పడం మొదలుపెట్టింది. ఇంటి ముందు బండి ఆపాక కూడా చాలాసేపు చెబుతూనే ఉంది. అక్క ఊ కొడుతూ వింటోంది. నేను ఇంజను ఆపి, నోరు మూసుకుని కూర్చున్నాను.